జాడీలవారు పన్ను పీకించిన వైనం

తాళ్ళదిబ్బలో తెలివైనవాళ్ళు ఎవరని జాడీలవారిని అడగండి. "ఇంకెవరు, మేమే" అంటారు. ఆ మాట ఇంకొకరి నోట వినాలని ఊరంతా తిరగండి. మీ చెప్పులరగడమే తప్ప ఎవరూ అనరు.

వాళ్ళ అసలు ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. తాతల నాటినుంచీ పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే కుటుంబం. ఇంట్లో మంచాలకన్నా జాడీలు ఎక్కువ. అందుకే జాడీలవారన్నారు. ఇంటికి పెద్ద పేరయ్య. ఆయన భార్య చెల్లాయమ్మ. పెద్దకొడుకు గంగులు, చిన్నకొడుకు అబ్బులు, గంగులు పెళ్ళాం వరాలు. ఒకరిని మించినవాళ్ళు ఒకరు.

"మా తెలివి ఎక్కడుందో తెలుసా?" అనేవాడు పేరయ్య మీసం దువ్వుకుంటూ. "చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడంలో ఉంది. జనం విన్నదాంట్లో సగం వదిలేస్తారు, సగం సొంతంగా కలుపుతారు. మేం గింజ వదలం, గింజ కలపం."

ఒకసారి ఊళ్ళో దొంగల భయం పుట్టింది. "ఊరెళ్తే తాళం వెయ్యండి. తాళంచెవి అరుగుమీదా చూరులోనూ దాచకండి, ఇంట్లోనే పెట్టండి" అని చాటింపు వేశారు. అంతే. జాడీలవారు తాళంచెవిని ఇంట్లో మేకుకి తగిలించి, బయటికొచ్చి, తలుపు లాగి, కప్పతాళం నొక్కేసి పెళ్ళికి వెళ్ళిపోయారు. తిరిగొచ్చి పెంకులు తీసి ఇంటికప్పులోంచి దిగారు. ఊరు నవ్వింది. పేరయ్య నవ్వలేదు. "మనకే దొరకని తాళంచెవి దొంగకి దొరుకుతుందా?" అన్నాడు.

అయితే ఒక్కటి చెప్పాలి. పచ్చడి పెట్టడం మాత్రం వాళ్ళకి వచ్చు. ఆ చుట్టుపక్కల గంజి తాగి పొలం వెళ్ళే కూలివాళ్ళకి ఏడాది పొడుగునా కూరైనా, పులుసైనా, పప్పైనా జాడీలవారి ఆవకాయ బద్దే. దాన్ని ఎగతాళి చేస్తే ఊరుకునేది లేదు. ఆ బద్ద లేని రోజున ఉత్త గంజి గొంతు దిగదు. తాగినవాడికే తెలుస్తుంది.

ఆ ఇంట్లో శత్రువులు ఇద్దరే. ఒకటి తడి, రెండు ఎంగిలి. తడిచెయ్యి జాడీలో పెడితే పచ్చడి బూజు పడుతుంది. ఎంగిలి గరిటె పెడితే పురుగు పడుతుంది. ఉప్పు ఎంతో, కారం ఎంతో, ఆవపిండి ఎంతో కొలిచేది గిద్దా కాదు, సోలా కాదు. చెల్లాయమ్మ నాలుక. కలిపిన ముద్దలోంచి చుక్కంత నాలుకమీద వేసుకుని కళ్ళు మూసుకునేది. "ఇంకో దోసెడు ఉప్పు" అంటే దోసెడు. "చాలు" అంటే చాలు. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆమె ఒక మాట అంది. "నా నాలుక బతికుండగా ఈ ఇంట్లో ఇంకెవరూ ఉప్పు చూడకూడదు." గింజ వదలని వాళ్ళు కదా. అందుకే మిగతా నలుగురికీ ఉప్పగా ఉందంటే ఏమిటో, చప్పగా ఉందంటే ఏమిటో తెలీదు. ఆమె ఏం పెడితే అది తిని బాగుంది అనేవాళ్ళు.

ఆ ఏడు వేసవిలో కాయ కోతకొచ్చింది. పెద్ద తట్ట నిండా ముక్కలు కొట్టారు, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడిచారు, ఆరబెట్టారు. ఆవపిండి దంచారు, కారం పట్టించారు, నూనె తెచ్చారు. ఇక కలపడమే. సరిగ్గా అప్పుడు చెల్లాయమ్మ పన్ను సలిపింది.

మామూలు సలుపు కాదు. బుగ్గ బన్నురొట్టెలా లేచింది. నాలుకమీద ఉప్పు వేస్తే, "ఏం తెలీటం లేదురా, నోరంతా పన్నే ఉంది" అని ఏడ్చింది.

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ తట్ట చుట్టూ చేరి లబలబలాడారు. కొట్టిన ముక్క ఆగదు. ఉప్పు పడకపోతే రేపటికి మెత్తబడుతుంది, ఎల్లుండికి కంపు కొడుతుంది. ఏడాది పచ్చడి పెంటకుప్పలోకి పోతుంది.

ఊరి నర్సు ఫిలోమినమ్మ కోసం పరిగెత్తారు. ఆమె వచ్చి నోరు చూసింది. "పుచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. ఈలోగా ఉప్పునీళ్ళు పుక్కిట పట్టు. నేను చెప్పేదాకా ఉమ్మకు" అని చెప్పి, పక్క వీధిలో పసిబిడ్డకి టీకా వెయ్యడానికి వెళ్ళింది. అక్కణ్ణించి ఇంకో ఇంటికి వెళ్ళింది. అక్కణ్ణించి ఎవరికో జ్వరమంటే పొరుగూరు వెళ్ళింది.

ఆమె తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చెల్లాయమ్మ బుగ్గలు రెండూ పొంగిన బూరెల్లా ఉన్నాయి, కళ్ళు తేలిపోతున్నాయి. చుట్టూ నలుగురూ కాపలా.

"ఓసి నా తల్లీ, ఇంకా ఉమ్మలేదా!"

"మీరు చెప్పలేదు కదండీ" అన్నాడు పేరయ్య.

"ఉమ్మవే!"

అంతే. చెల్లాయమ్మ ఉమ్మేసింది. ఎక్కడ ఉమ్మాలో ఫిలోమినమ్మ చెప్పలేదు. ఎదురుగా ఉన్నది ఆమే.

తడిసిన చీర వరాలుకిచ్చి, చెల్లాయమ్మ చీర చుట్టుకొచ్చి ఫిలోమినమ్మ ఇంకేమనేదో గాని, పేరయ్య మధ్యలో అడ్డొచ్చాడు. "పేటలో డాక్టరెందుకండీ, సంతలో చాపేసుకుని కూర్చుంటాడు చూడండి, వాడు చిటికెలో పీకేస్తాడంట."

ఆమెకి ఒళ్ళు మండింది. "వాడి దగ్గరికా? పొద్దున్నించీ కనపడ్డ నోట్లోనల్లా పెట్టిన పట్టకారు లుంగీకి తుడిచి నీ పెళ్ళాం నోట్లో పెడతాడు. ఆ తుడవడమే కడగడం వాడికి! చేపల సూరప్ప వాడి దగ్గర పన్నొకటి ఇచ్చి కామెర్లు తెచ్చుకున్నాడు, మర్చిపోయారా? చావు తప్పింది మనిషికి. వినండి. డాక్టరు దగ్గరైనా సరే కళ్ళు మూసుకుని కూర్చోకండి. మూడు మాటలు అడగండి. సామాను ఆవిరిలో ఉడికించారా? కవరు మా కళ్ళముందు విప్పుతారా? చేతి తొడుగులు కొత్తవేనా? జవాబు వచ్చేదాకా నోరు తెరవకండి. తెలిసిందా?"

"గింజ వదలం" అన్నాడు పేరయ్య.

నవ్వడానికి ముందు ఒక్క మాట. ఆ మూడు ప్రశ్నలూ బంగారం లాంటివి. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా కుర్చీలో కూర్చోగానే నోరు ఆ అని తెరుస్తారు గాని, ఆ పట్టకారు పొద్దున ఎవరి నోట్లో ఉందో అడగరు. అడిగితే డాక్టరు ఏమనుకుంటాడో అని మొహమాటం! రోగం వచ్చాక ఆ మొహమాటం మందు కొనిపెడుతుందా? అడగడం తెలివే. జాడీలవారు అడిగిన తీరే తెలివితక్కువ.

ఆటో కట్టించుకుని పేటకి బయల్దేరారు. ముక్కల తట్ట ఎక్కించారు, ఉప్పు మూట, కారం డబ్బా, ఆవపిండి, నూనె డబ్బా, ఒక ఖాళీ జాడీ, గరిటె ఎక్కించారు. "పన్ను ఊడగానే అమ్మ అక్కడికక్కడే ఉప్పు చూసేస్తుంది, క్షణం వృథా కాదు" అన్నాడు గంగులు. అందరూ వాడి తెలివికి మురిసిపోయారు.

కళ్ళు మూసుకోవద్దంది కదా నర్సమ్మ. అంతే, దారి పొడుగునా ఎవరూ రెప్ప వెయ్యలేదు. ఎదురుగాలి, మట్టిరోడ్డు, ఒళ్ళో కారం డబ్బా. పేటలో దిగేసరికి ఐదుగురి కళ్ళూ పండుమిరపకాయల్లా ఉన్నాయి, ధారలు కడుతున్నాయి. నోరు తెరవద్దంది కదా. పెదాలు బిగించుకుని వరసగా నిలబడ్డారు.

ముందు బల్ల దగ్గరున్న అమ్మాయి వాళ్ళని చూసింది. "ఏంటండీ?" అంది. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగింది. పది ఎర్రటి కళ్ళు ఆమెని చూశాయి. "అయ్యో, కళ్ళ డాక్టరు పైన. మేడెక్కండి" అంది.

చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యాలి. తట్టతో సహా మేడెక్కారు. కళ్ళ డాక్టరు పేరయ్యని కూర్చోబెట్టి, "గోడమీద ఏ అక్షరం కనబడుతోంది?" అన్నాడు. పేరయ్య నోరు తెరవలేదు. "ఇది?" తెరవలేదు. పెద్ద అక్షరం చూపించాడు, ఇంకా పెద్దది చూపించాడు. ఆఖరికి డాక్టరే గోడ పక్కకెళ్ళి నిలబడి, "పోనీ నేను కనబడుతున్నానా?" అని అరిచాడు. పేరయ్య తల ఊపి, చెల్లాయమ్మ బుగ్గ చూపించాడు. మళ్ళీ కిందికి పంపారు.

కింద మెట్లమీద అబ్బులు గంగుల్ని గిల్లాడు. గంగులు పేరయ్యని గిల్లాడు. నోరు తెరవకుండా అడగడం ఎలా? చెల్లాయమ్మ బుగ్గ పట్టుకుని మూలుగుతోంది. అప్పుడు గబుక్కున వరాలు, "నేనడుగుతా మావయ్యా" అంది.

నలుగురూ అదిరిపోయారు.

"నర్సమ్మ ఆ మాట చెప్పినప్పుడు నేను నూతి దగ్గర చీర ఉతుకుతున్నా. ఆవిడ చీరే. మాటలు వినబడ్డాయి గాని నాకు చెప్పలేదు కాబట్టి నా నోరు తెరవచ్చు."

పేరయ్య కళ్ళు మెరిశాయి. ఇలాంటి కోడలు ఎవరికి దొరుకుతుంది!

పళ్ళ డాక్టరు శశిరేఖ చిన్నవయసు మనిషి. ఓపిక ఉన్న మనిషి. వరాలు మూడు ప్రశ్నలూ అడగ్గానే ఆమె ముఖం వికసించింది. "శభాష్! ఇలా అడిగినవాళ్ళని నేను చూడనే లేదు. ఉడికించాం. ఆ ఆవిరి పెట్టెలో ఉడికిస్తాం. తొడుగులు కొత్తవి, ఇప్పుడే వేసుకుంటాను. కవరు మీ కళ్ళముందే విప్పుతాను, చూడండి."

నలుగురూ ఒక్కసారి నోళ్ళు తెరిచారు. ఎంతసేపు మూసుకున్నారో, అందరూ ఒక్కసారే మాట్లాడారు.

డాక్టరమ్మ కవరు విప్పింది. పళ్ళెంలో చిన్న అద్దం, చిన్న కొక్కెం, పట్టకారు పెట్టింది.

"ఎవరి కళ్ళముందు విప్పారండీ?" అన్నాడు పేరయ్య. "బల్లముందు విప్పారు. కళ్ళు ఇక్కడున్నాయి."

ఆమె నవ్వి, ఆ పళ్ళేన్ని ఆయన కళ్ళ దగ్గరగా పెట్టింది. పేరయ్య చొక్కానిండా ఆవపిండి. డాక్టరమ్మ గదిలో పంకా తిరుగుతోంది. అంతే, ఆయనకి తుమ్మొచ్చింది. ఒకటి కాదు. పళ్ళెం నిండా తుమ్మాడు.

"అయ్యయ్యో! ఈ సెట్టు పోయింది" అంది డాక్టరమ్మ.

పేరయ్య పళ్ళెంలోకి చూశాడు. "ఎక్కడికి పోయిందండీ? ఇక్కడే ఉంది కదా."

"పనికిరాదండీ. మళ్ళీ ఉడికించాలి." దాన్ని ఆవిరి పెట్టెలో పెట్టి, ఇంకో కవరు తెచ్చి విప్పింది. గంగులు చటుక్కున పట్టకారు అందుకున్నాడు. "ఆవిరిలో పెట్టారంటున్నారు, తడి ఉంటుందండీ. తడి తగిలితే మా అమ్మ బూజు పట్టిపోద్ది" అని భుజమ్మీద తువ్వాలుతో శుభ్రంగా తుడిచాడు. పొద్దున మామిడి ముక్కలు తుడిచిన తువ్వాలు అది. దాంతోనే కారం డబ్బా పట్టుకొచ్చాడు.

డాక్టరమ్మ ఆ పట్టకారు లాక్కుని పక్కన పడేసింది. "బాబూ, కంటికి కనపడని పురుగులుంటాయి. చెయ్యి తగిలితే చాలు, ఎక్కుతాయి. అవి నోట్లోకి వెళ్తే రోగం. అందుకే ముట్టుకోకూడదు."

"పురుగులా!" జాడీలవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇది వాళ్ళ రాజ్యం. పురుగు సంగతి వాళ్ళకి తెలిసినంత ఎవరికి తెలుసు?

డాక్టరమ్మ మూడో కవరు తెచ్చి పళ్ళెంలో పెట్టింది. చెల్లాయమ్మని కుర్చీలో కూర్చోబెట్టింది. సరిగ్గా అప్పుడు పక్కగదిలో ఎవరో కళ్ళు తిరిగి పడిపోయారని కేక. ఆమె లేచి పరిగెత్తుతూ, "ఇదే ఆఖరి సెట్టు! నేనొచ్చేదాకా పాడవకుండా చూసుకోండి. చెయ్యి మాత్రం పెట్టకండి!" అంది.

ఇంకేముంది.

"పాడవకుండా చూసుకోవాలంట" అన్నాడు పేరయ్య గంభీరంగా.

"ఎంతకాలం పాడవకుండా?" అన్నాడు అబ్బులు.

"అది చెప్పలేదురా. ఏడాది అనుకో. ఏడాది పాడవకుండా ఉండాలంటే ఏం చేస్తాం?"

ఐదుగురూ ఒకేసారి జాడీకేసి చూశారు.

"పాపం పిల్ల, పెద్ద చదువు చదివింది గాని ఇది నేర్పలేదు కాబోలు, ఉత్త కవర్లో పెట్టింది" అంది వరాలు జాలిగా.

చెయ్యి పెట్టొద్దంది. పెట్టలేదు. గరిటె కాడతో కవరు చింపారు, గరిటెతోనే సామాను జాడీలోకి జార్చారు. ఉప్పు ఎంత? చెల్లాయమ్మ నాలుక పనిచెయ్యదు. "ఇనుము పులుపు కాదు కదా, దీనికి రుచెందుకు? చెయ్యి పట్టినంత పొయ్యండి" అన్నాడు గంగులు. ఉప్పు పోశారు, కారం పోశారు, ఆవపిండి పోశారు. కుర్చీలోంచి చెల్లాయమ్మ బుగ్గ పట్టుకునే చెప్పింది. "నూనె పైన వేలెడు నిలవాలిరా. అద్దం తేలుతోంది, లోపలికి నొక్కండి." నొక్కారు. మూతికి గుడ్డ కట్టారు.

డాక్టరమ్మ తిరిగొచ్చింది. పళ్ళెం ఖాళీ. గది నిండా ఆవ ఘాటు.

"సామానేదండీ?"

పేరయ్య జాడీమీద చెయ్యి వేసి, కన్నకూతురికి చెప్పినట్టు చెప్పాడు. "ఇక బెంగలేదు తల్లీ. మూడో రోజున తిరగకలిపి వాడుకో. ఏడాది పురుగు చేరదు."

డాక్టరమ్మ ఏడ్చిందో నవ్విందో తెలీలేదు. భుజాలు మాత్రం చాలాసేపు ఊగాయి. ఆమె అదృష్టం బాగుండి ఆవిరి పెట్టె కూత వేసింది. పేరయ్య తుమ్మిన సెట్టు ఉడికి, మళ్ళీ శుభ్రమై బయటికొచ్చింది. ఆమె నలుగుర్నీ వీధిలోకి నెట్టి, "నేను పిలిచేదాకా ఎవరూ లోపలికి రావద్దు" అని తలుపేసింది. తట్టా, మూటలూ గదిలోనే ఉండిపోయాయి.

లోపల చెల్లాయమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉడికించావా తల్లీ? నిజంగా ఉడికించావా? సూరప్పకి కామెర్లొచ్చాయమ్మా. నేను పోతే ఈ వెర్రివాళ్ళకి ఉప్పు చూసేవాళ్ళు లేరు."

డాక్టరమ్మ పళ్ళెం చూపించింది. తొడుగులు మార్చింది. "ఉడికించానమ్మా. ఇంత నొప్పిలోనూ అడిగావు చూడు, నీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఇప్పుడు నోరు తెరు."

సూదిమందు వేసింది. పన్ను ఊడింది. గాయంమీద దూది పెట్టి, "గట్టిగా కొరికిపట్టు. నేను చెప్పేదాకా నోరు తెరవకు. ఇవాళ ఉప్పూ కారం నాలుకమీద పెట్టకు" అని, తలుపు తీసి అందర్నీ పిలిచింది.

నలుగురూ దూసుకొచ్చారు. తట్టెడు ముక్కలూ గదిలో ఉన్న పెద్ద బేసినులోకి దించి, చేతికందినంత ఉప్పూ కారం కలిపి, వేలికొస మీద కాస్త తెచ్చాడు పేరయ్య. "ఏదే, నాలిక చాపు!"

"వద్దు!" డాక్టరమ్మ అడ్డం వచ్చింది. "ఇవాళ ఆవిడ ఉప్పు చూడకూడదు."

ఇంకేముంది, పేరయ్య అక్కడే కూలబడ్డాడు. మీసం వాలిపోయింది. "రేపటికి ముక్క కుళ్ళిపోద్దమ్మా. పొలం పోయేవాళ్ళు ఏడాదంతా ఉత్త గంజి తాగాలి. మా జాడీ ఖాళీ అని ఎప్పుడూ అనిపించుకోలేదు. మాకెవరికీ ఉప్పు తెలీదు తల్లీ." అని బావురుమన్నాడు. వెనక ముగ్గురూ శ్రుతి కలిపారు. చెల్లాయమ్మ దూది కొరికిపట్టి కన్నీళ్ళు కారుస్తోంది.

డాక్టరమ్మ మనసు కరిగింది. అదే ఆమె చేసిన పొరపాటు. "ఏడవకండి. మా అమ్మా ఆవకాయ పెట్టేది. నేను చూస్తాను ఉప్పు" అంది.

ఏడుపు ఆగిపోయింది. పేరయ్య తువ్వాలుతో ముక్కు తుడుచుకుని లేచాడు.

"చూద్దువుగాని. ముందు చెప్పు. నీ నాలుక ఆవిరిలో ఉడికించావా?"

"ఏంటి?"

"ఉడికించలేదు. పోనీ కవరులోంచి మా కళ్ళముందు విప్పావా? లేదే! ఎప్పటి నాలుకో ఏంటో. ఊరందరూ తినే పచ్చడమ్మా ఇది. నోరు తెరు, చూస్తాం."

ఎన్ని నోళ్ళు చూసిందో ఆ పిల్ల, తన నోరు చూపించమన్నవాళ్ళు తగల్లేదు. తిక్కపుట్టిందో, వదుల్తారనుకుందో, ఆ అని తెరిచింది. పేరయ్యా, కొడుకులిద్దరూ తలలు దూర్చారు.

"లోపల చీకటిగా ఉంది నాన్నా" అన్నాడు అబ్బులు.

"దీనికే చిన్న అద్దముంది కదరా. చెయ్యి పెట్టకుండా తీయండి."

అంతే. గరిటెతో జాడీలోంచి అద్దం తీశాడు గంగులు. కాడ పొడుగునా ఉప్పూ కారం ఆవపిండి, నూనె కారుతోంది. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని ఉంది. అద్దం నాలుకమీద వాలింది.

"అమ్మో! ఉప్పు! కారం! నీళ్ళు! నీళ్ళు!"

ఆమె కుళాయి దగ్గరికి పరిగెత్తింది. జాడీలవారి ముఖాలు వెలిగిపోయాయి.

"విన్నారా? నాలుక చెప్పేసింది" అన్నాడు పేరయ్య. "ఉప్పు వెయ్యండి."

ఉన్న ఉప్పంతా వేశారు.

"కారం."

డబ్బా బోర్లించారు.

"నీళ్ళు." ఆ మాట దగ్గర ఆయన మీసం వదిలేసి ముగ్గురికేసి చూశాడు. ఆ ఇంట్లో పచ్చట్లో నీళ్ళు పోసినవాడు పుట్టలేదు. "నీళ్ళు అనే అంది కదా? రెండుసార్లు అంది. గింజ వదలం. రెండు బిందెలు పొయ్యండి."

చెల్లాయమ్మ కుర్చీలోంచి చూస్తోంది. బిందె వంగింది. ఒక్క మాట అంటే చాలు, 'ఆగండి' అంటే చాలు. కాని డాక్టరమ్మ చెప్పేదాకా నోరు తెరవకూడదు. ఆమె కూడా జాడీలవారి మనిషే. దూది గట్టిగా కొరికి, రెండు చేతులూ గాల్లో తెగ ఊపింది.

"చూశావా, అమ్మకెంత ఆనందమో" అంది వరాలు.

"ఇంకో బిందె పొయ్యమంటోంది" అన్నాడు అబ్బులు. పోశాడు.

మూతి వాచిపోయి, కళ్ళు తుడుచుకుంటూ డాక్టరమ్మ వచ్చి బేసిను చూసింది. ఆవకాయ చెరువు. చెల్లాయమ్మ ఇంకా చేతులు ఊపుతూనే ఉంది. "తెరవ్వమ్మా, నోరు తెరిచి చెప్పు!" అంది డాక్టరమ్మ.

చెల్లాయమ్మ దూది తీసింది. అందరూ చుట్టూ చేరారు. తరతరాల పచ్చడి, ఏడాది బతుకు, కూలివాళ్ళ గంజి, అన్నీ ఆ మాటలో ఉన్నాయి. ఆమె వగరుస్తూ అడిగింది.

"ఆ నీళ్ళు... ఉడికించినవేనా?"

అందరూ తెల్లబోయారు. కుళాయి నీళ్ళు! ఎంత ఘోరం జరిగిపోయేది! పేరయ్య లెంపలు వేసుకున్నాడు. ఇంకేముంది, ఇంటికి మోసుకెళ్ళి బేసినుతో సహా పొయ్యిమీద పెట్టి, ఆవిరి కమ్మేదాకా ఉడికించారు. చల్లారాక కవర్లలో పోసి మూతులు కట్టారు. మర్నాడు కూలివాళ్ళ ఎదుట, ఒక్కొక్కరి కళ్ళముందు, ముక్కుకి తగిలేంత దగ్గరగా కవరు విప్పారు.

"ఆవకాయ అడిగితే పులుసు ఇచ్చావేంటి పేరయ్యా?"

"పులుసైతేనేం, పురుగు చూపించు!"

తిట్టారు, నవ్వారు, నోరు కాలేంత ఉప్పూ కారం ఉన్న ఆ పులుసుని కుండెడు గంజిలో చుక్క కలుపుకుని తాగారు. బతికేవాడు దేన్నైనా దింపుకుంటాడు. వాళ్ళ బాధ చూసి నవ్వేవాడికే తెలివి లేదు.

పేటలో డాక్టరమ్మ కూడా మూడో రోజున జాడీ గుడ్డ విప్పింది. సామాను తీసి కడిగి ఉడికించింది. ఎంత ఉడికించినా ఆవ ఘాటు పోలేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళందరికీ ముందు తుమ్ము, తరవాత ఆకలి. జాడీ అడుగున మిగిలిన ముద్ద పారెయ్యబుద్ధి కాలేదు. వేడన్నంలో కలుపుకుని చూసింది. ఉప్పు చక్కగా కుదిరింది! అంత చక్కటి ఉప్పు ఆమె పుట్టాక తినలేదు. ఉండబట్టలేక, పని మీద పేట వచ్చిన ఫిలోమినమ్మతో ఆ మాట చెప్పి పంపింది. అదే ఆమె చేసిన రెండో పొరపాటు.

మళ్ళీ వేసవి వచ్చింది. చెల్లాయమ్మ నోరు బాగుంది, నాలుక బాగుంది, కాయ బాగా కాసింది. కాని జాడీలవారు ముక్కలు కొట్టలేదు. తెల్లవారేసరికి పళ్ళ ఆసుపత్రి మెట్లమీద వరసగా కూర్చున్నారు. ఉప్పూ, కారం, నూనె, పెద్ద జాడీ.

డాక్టరమ్మ తలుపు తీసి నిలబడిపోయింది. "మళ్ళీ పన్నా?"

"పళ్ళు బాగానే ఉన్నాయి తల్లీ" అన్నాడు పేరయ్య మీసం దువ్వుకుంటూ. "మామిడికాయ వేస్తే ఉప్పు కుదరలేదు, నీ పట్టకారు వేస్తే కుదిరింది. ఈ ఏడు మామిడికాయ మానేశాం. నీ సామానంతా ఇచ్చెయ్యి, ఊరేసుకుంటాం." కాస్త ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఉడికించావు కదా?"